తక్కువ విద్యుత్తుతో నడిచే వైర్‌లెస్ పరికరాల కోసం లొకేషన్ డేటాబేస్‌ను కచ్చితంగా ఉంచుకోవడం ఎలా

చిన్న బ్యాటరీతో ఏళ్ల తరబడి పనిచేయవలసిన ట్రాకర్ గానీ సెన్సర్ గానీ తాను ఎక్కడ ఉన్నదీ సొంతంగా తెలుసుకోవాలంటే జీపీఎస్ రిసీవర్‌ను ఆన్ చేయాలి. ప్రతి ఉపగ్రహమూ తన కక్ష్య వివరాలను 30 సెకన్లకు ఒకసారి ప్రసారం చేస్తుంది కాబట్టి, చాలాకాలం నిద్రలో ఉండి లేచిన రిసీవర్ సుమారు అర నిమిషం పాటు విద్యుత్తు ఖర్చు చేస్తూ వినవలసి ఉంటుంది. పైకప్పు కింద ఉంటే ఆ ఖర్చంతా వృథా కూడా కావచ్చు. అందువల్ల ఇటువంటి పరికరాలు చాలావరకు మరో పద్ధతిని అనుసరిస్తాయి. చుట్టుపక్కల ఉన్న వైఫై యాక్సెస్ పాయింట్ల (రౌటర్ల వంటి వైఫై ప్రసార పెట్టెల) చిరునామాలను కొద్ది సెకన్లలో విని, వాటిని సర్వర్‌కు పంపి, మళ్లీ నిద్రలోకి వెళ్లిపోతాయి. ఆ చిరునామాలు ఏ చోటికి చెందినవో చెప్పవలసిన బాధ్యత సర్వర్ వద్ద ఉన్న లొకేషన్ డేటాబేస్‌ది.

స్మార్ట్‌ఫోన్ కూడా ఇదే పని చేస్తుంది గానీ, ఫోన్‌కు జీపీఎస్ ఉంది, కదలికను గుర్తించే సెన్సర్లు ఉన్నాయి, మ్యాపులో చుక్క తప్పుగా కనిపిస్తే గుర్తుపట్టే మనిషి కూడా ఉన్నాడు. తక్కువ శక్తి పరికరానికి ఇవేవీ లేవు. డేటాబేస్ తప్పు చెబితే ఆ తప్పే రికార్డులోకి ఎక్కుతుంది, దాన్ని పట్టుకునేవారు వేరే ఎక్కడా ఉండరు. కాబట్టి ఇటువంటి పరికరాలకు సేవ చేసే డేటాబేస్‌లో కొత్త రికార్డులను చేర్చడం కంటే పాతబడిన వాటిని అనుమానించడం, తొలగించడం ముఖ్యమైన పని అని నా అభిప్రాయం. రికార్డుల సంఖ్యను గొప్పగా చెప్పుకునే డేటాబేస్‌లను చాలామంది చూసే ఉంటారు. అందులో ఎన్ని ఈనాటికీ నిజమో చెప్పగలిగినవి తక్కువ.

ఏ గుర్తింపును ఆధారంగా తీసుకోవాలి

మొదట తేల్చుకోవలసింది రికార్డును దేనితో గుర్తించాలన్నది. వైఫై విషయంలో యాక్సెస్ పాయింట్ ప్రసారం చేసే 48 బిట్ల చిరునామాయే గుర్తింపు. నెట్‌వర్క్ పేరును గుర్తింపుగా వాడకూడదు, ఎందుకంటే ఒకే పేరు వేల చోట్ల ఉండవచ్చు. ఈ చిరునామాను కొన్ని వ్యవస్థలు పెద్ద అక్షరాలతో, కొన్ని చిన్న అక్షరాలతో, కొన్ని మధ్యలో కోలన్లతో, కొన్ని గీతలతో పంపుతాయి. డేటాబేస్‌లోకి వచ్చే ద్వారం దగ్గరే అన్నింటినీ ఒకే రూపంలోకి మార్చకపోతే, ఒకే యాక్సెస్ పాయింట్ రెండు రికార్డులుగా చీలి, ఒకటి సరైన చోటులోనూ మరొకటి పాత చోటులోనూ నిలిచిపోతుంది. అన్నీ సున్నాలుగా గానీ, అన్నీ ఒకట్లుగా గానీ ఉన్న చిరునామాలనూ, మొదటి బైట్‌లో చివరి బిట్ ఒకటిగా ఉన్న సమూహ చిరునామాలనూ అక్కడే తిరస్కరించాలి.

మొదటి బైట్‌లోనే చివరి నుంచి రెండో బిట్ మరో విషయం చెబుతుంది. అది ఒకటిగా ఉంటే ఆ చిరునామా తయారీదారు కేటాయించినది కాదని, పరికరమే సొంతంగా పెట్టుకున్నదని అర్థం. హెక్సాడెసిమల్‌లో (పదహారు అంకెల పద్ధతిలో) రాసినప్పుడు రెండో అంకె 2, 6, ఎ, ఇ లలో ఒకటిగా కనిపిస్తుంది. ఫోన్ల హాట్‌స్పాట్లు తరచూ ఇటువంటి చిరునామాలనే వాడతాయి గనుక, ఇవన్నీ పనికిరానివని తీసిపారేయాలనిపించడం సహజం. అయితే గోడకు బిగించిన యాక్సెస్ పాయింట్లు కూడా తమ రెండో, మూడో నెట్‌వర్క్‌కు ఇదే పద్ధతిలో చిరునామాలు తయారుచేసుకుంటాయి. అందువల్ల ఈ బిట్‌ను తీర్పుగా గాక అనుమానంగా మాత్రమే పరిగణించాలి: ఇటువంటి చిరునామాకు మామూలు వాటి కంటే ఎక్కువ రోజుల పరిశీలన ఉంటేనే సమాధానాలలో వాడుకోవాలి.

బ్లూటూత్ బీకన్ల (తమ గుర్తింపును పదే పదే ప్రసారం చేసే చిన్న పరికరాల) విషయంలో రేడియో చిరునామాను నమ్మడం ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే చాలా పరికరాలు ఆ చిరునామాను నిమిషాల వ్యవధిలోనే మార్చేస్తుంటాయి. బీకన్ ప్రసారం చేసే గుర్తింపు సంఖ్యనే ఆధారంగా తీసుకోవాలి. ఆపిల్ రూపొందించిన ఐబీకన్ పద్ధతి అయితే 16 బైట్ల గుర్తింపు, దాని తర్వాత రెండేసి బైట్ల మేజర్, మైనర్ సంఖ్యలు, ఈ మూడూ కలిస్తేనే ఒక బీకన్. కొత్తగా పెట్టెలోంచి తీసిన బీకన్లు ఫ్యాక్టరీ విలువలతోనే ఉంటే అన్నీ ఒకేలా కనిపించవచ్చు కాబట్టి, బిగించే ముందే ఆ విలువలను మార్చి తీరాలి.

సెల్ టవర్ల విషయంలో దేశం సంఖ్య, నెట్‌వర్క్ సంఖ్య, పూర్తి సెల్ గుర్తింపు అన్నీ కలిపి వాడాలి. ఎల్‌టీఈ (4జీ)లో ఆ గుర్తింపు 28 బిట్లు. పొరుగు సెల్‌ల జాబితాలో మోడెమ్ ఇచ్చే భౌతిక సెల్ సంఖ్యకు 504 విలువలే ఉన్నాయి గనుక అది కొంత దూరంలోనే మళ్లీ మళ్లీ వస్తుంది; ఒక పూర్తి గుర్తింపు తోడు లేనిదే దాన్ని ఎక్కడా ఉంచకూడదు.

పరిశీలనను దాచండి, స్థానాన్ని లెక్కించండి

ఇక డేటాబేస్ నిర్మాణం. చాలామంది ఒకే పట్టిక పెట్టుకుని, ప్రతి చిరునామాకూ ఒక అక్షాంశం, ఒక రేఖాంశం రాసి, కొత్త సమాచారం వచ్చినప్పుడల్లా దాన్ని సవరిస్తూ పోతారు. ఇలా చేస్తే పాత విలువ ఎందుకు అలా ఉండేదో, కొత్త విలువ ఏ ఆధారంతో వచ్చిందో తర్వాత ఎవరూ చెప్పలేరు. బదులుగా రెండు పట్టికలు ఉండాలి. ఒకదానిలో పరిశీలనలు మాత్రమే ఉంటాయి: ఏ చిరునామా, ఎంత సిగ్నల్ బలంతో, ఎప్పుడు, ఏ చోట వినిపించింది, ఆ చోటు ఎలా తెలిసింది, దానిలో ఎంత తేడా ఉండవచ్చు. ఇవి ఒకసారి రాసిన తర్వాత మారవు. రెండో పట్టికలో ఈ పరిశీలనల నుంచి లెక్కించిన స్థానం ఉంటుంది. దాన్ని ఎప్పుడైనా చెరిపేసి మళ్లీ లెక్కించుకోవచ్చు. లెక్కించే పద్ధతిలో లోపం బయటపడిన రోజున ఈ విభజన విలువ తెలుస్తుంది.

అక్షాంశ రేఖాంశాలను కోటితో గుణించి 32 బిట్ల పూర్ణాంకాలుగా దాచుకుంటే సెంటీమీటరు స్థాయి వివరం ఉంటుంది, స్థలమూ ఆదా అవుతుంది. దశాంశ బిందువు తర్వాత ఐదో అంకె అంటే అక్షాంశంలో సుమారు 1.1 మీటరు, నాలుగో అంకె అంటే సుమారు 11 మీటర్లు. ఎక్కడో ఒక ప్రోగ్రాం నాలుగు అంకెలకు కుదించి పంపుతుంటే లోపం బయటకు కనిపించదు గానీ ఫలితాలన్నీ మసకబారుతాయి. అన్ని విలువలూ జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అక్షాంశ రేఖాంశ వ్యవస్థలోనే ఉన్నాయని నిర్ధారించుకోవాలి. చైనాలోని మ్యాపు సేవలు వాడే జీసీజే-02 వ్యవస్థలోని విలువలు కలిస్తే వందల మీటర్ల తేడా వస్తుంది. మ్యాపు సమాచారాన్ని దాచే జియోజేసన్ ఫైళ్లలో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత వస్తుంది, చాలా ప్రోగ్రాంలలో ఇది తిరగబడి ఉంటుంది. దిగుమతి చేసుకున్న ప్రతి ఫైల్‌నుంచీ కొన్ని బిందువులను మ్యాపు మీద కళ్లతో చూడటం మించిన పరీక్ష లేదు. రెండు విలువలూ సున్నాగా ఉన్న రికార్డులు ఆఫ్రికా పశ్చిమ తీరానికి అవతల సముద్రంలో పడతాయి. అవి స్థానాలు కావు, స్థానం తెలియనప్పుడు ప్రోగ్రాం పూరించిన ఖాళీలు.

కాలం విషయంలో తక్కువ శక్తి పరికరాలకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. నెట్‌వర్క్ దొరకని చోట అవి పరిశీలనలను దాచుకుని, రోజుల తర్వాత ఒక్కసారిగా పంపుతాయి. అందువల్ల పరిశీలన జరిగిన సమయం, సర్వర్‌కు చేరిన సమయం రెండింటినీ వేర్వేరుగా రాయాలి. పాతబడటాన్ని ఎప్పుడూ మొదటిదాని ప్రకారమే లెక్కించాలి. పరికరంలోని గడియారం పది లక్షలకు 20 వంతుల తేడాతో నడిచినా నెలకు ఒక నిమిషం లోపే తప్పుతుంది, అది పెద్ద సమస్య కాదు. సమస్య వచ్చేది బ్యాటరీ తీసి పెట్టినప్పుడు: గడియారం 1970 దగ్గరికో, జీపీఎస్ కాలగణన మొదలైన 1980 దగ్గరికో వెళ్లిపోతుంది. జీపీఎస్ వారాల లెక్క 1024 వారాలకు ఒకసారి మళ్లీ సున్నాకు వస్తుంది. 2019 ఏప్రిల్‌లో అలా జరిగిన తర్వాత సరిదిద్దని కొన్ని రిసీవర్లు దాదాపు 20 ఏళ్లు వెనుకటి తేదీలు ఇచ్చాయి. చేరిన సమయం కంటే తర్వాతి తేదీ ఉన్న పరిశీలనలనూ, ఆ పరికరం తయారు కాకముందటి తేదీ ఉన్నవాటినీ లెక్కలోకి తీసుకోకుండా పక్కన పెట్టాలి.

సేకరణలో జాగ్రత్తలు

పరిశీలనలు సాధారణంగా జీపీఎస్ ఉన్న ఫోన్ల నుంచో, వాహనాలకు అమర్చిన సర్వే పరికరాల నుంచో వస్తాయి. వాహనం గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు 16 మీటర్లకు పైగా కదులుతుంది. వైఫై స్కాన్ పూర్తయిన మూడు సెకన్ల తర్వాత వచ్చిన జీపీఎస్ స్థానాన్ని ఆ స్కాన్‌కు జతచేస్తే, యాక్సెస్ పాయింట్ ఏమీ కదలకుండానే 50 మీటర్లు జరిగిపోతుంది. స్కాన్‌కు ముందు ఒక స్థానం, తర్వాత ఒక స్థానం తీసుకుని, మధ్య సమయానికి వాహనం ఎక్కడ ఉండి ఉంటుందో లెక్కించి ఆ విలువను జతచేయాలి. రెండు స్థానాల మధ్య పది సెకన్లకు మించి ఎడం ఉంటే ఆ స్కాన్‌ను వదిలేయడమే మేలు.

అన్ని పరిశీలనలూ ఒకే రోడ్డు మీద నుంచి వస్తే, లెక్కించిన స్థానాలన్నీ ఆ రోడ్డు వైపు లాగబడతాయి. భవనం లోపల వెనుక గదిలో ఉన్న రౌటర్ కూడా డేటాబేస్‌లో వీధి మధ్యలో కనిపిస్తుంది. పరిశీలనల సంఖ్య పెరిగినకొద్దీ ఈ తప్పు తగ్గదు, పైగా మరింత గట్టిపడుతుంది, ఎందుకంటే లెక్కలో నమ్మకం పెరుగుతుంది గానీ దిశ మారదు. కనీసం రెండు వైపుల నుంచి, వీలైతే కాలినడకన లోపలి నుంచి కూడా పరిశీలనలు తెప్పించుకోవాలి. అలా కుదరని రికార్డులకు తేడా వ్యాసార్థాన్ని (అసలు స్థానం ఎంత దూరం లోపు ఉండవచ్చో చెప్పే వృత్తపు వ్యాసార్థాన్ని) పెద్దదిగానే ఉంచాలి.

సర్వే చేసే పరికరానికి వినిపించేది, మీ సెన్సర్‌కు వినిపించేది ఒకటే అనుకోకూడదు. తక్కువ శక్తి చిప్‌లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను మాత్రమే వింటాయి. ఫోన్ సేకరించిన 5 గిగాహెర్ట్జ్ చిరునామాలు డేటాబేస్ పరిమాణాన్ని పెంచుతాయే తప్ప ఆ సెన్సర్‌కు ఒక్క సమాధానమూ ఇవ్వవు. ఏ ప్రాంతంలో కవరేజీ ఎంత ఉందో అంచనా వేసేటప్పుడు పరికరానికి వినపడగల వాటినే లెక్కపెట్టాలి.

స్థానాన్ని లెక్కించడానికి క్లిష్టమైన పద్ధతులు ఎన్నో ఉన్నాయి గానీ, బలమైన సిగ్నల్ వచ్చిన పరిశీలనలకు ఎక్కువ బరువు ఇచ్చి సగటు తీయడం చాలా సందర్భాలలో సరిపోతుంది. ఆ సగటుకు ముందు మధ్యగతం (వరుసలో సరిగ్గా మధ్యన ఉండే విలువ) నుంచి మరీ దూరంగా పడిన పరిశీలనలను తీసేయాలి. సిగ్నల్ బలం నుంచి నేరుగా దూరాన్ని లెక్కించాలన్న ఆశను అదుపులో ఉంచుకోవడం మంచిది. అడ్డంకులు లేని చోట దూరం రెట్టింపయితే సిగ్నల్ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మధ్యలో ఒక గోడ వచ్చినా అంతో అంతకంటే ఎక్కువో తగ్గవచ్చు. గోడ ఉందో, దూరం పెరిగిందో ఆ సంఖ్య చెప్పదు.

కదిలే వాటిని పట్టుకోవడం

డేటాబేస్‌ను పాడుచేసే వాటిలో అన్నిటికంటే పెద్దది కదలిక. ఇది రెండు రకాలు, రెండింటికీ చికిత్స వేరు. మొదటి రకం ఎప్పుడూ తిరుగుతూనే ఉండేవి: బస్సుల్లో, రైళ్లలో, ఓడల్లో ఉండే రౌటర్లు, ఫోన్ల హాట్‌స్పాట్లు. వీటి పరిశీలనలు ఒక చోట గుమికూడకుండా విస్తరించి ఉంటాయి. వైఫై యాక్సెస్ పాయింట్ సాధారణంగా వంద, రెండు వందల మీటర్లకు మించి స్పష్టంగా వినిపించదు కాబట్టి, ఒకే చిరునామా కిలోమీటరుకు పైగా ఎడంగా ఉన్న చోట్ల కొద్దికాలంలోనే పలుమార్లు వినిపిస్తే అది తిరిగేదని తేల్చేయవచ్చు. అటువంటి రికార్డును తొలగించడంతో సరిపెట్టకూడదు. తొలగిస్తే రేపు మళ్లీ కొత్త చిరునామాలాగా వచ్చి చేరుతుంది. 'ఇది తిరుగుతుంది, వాడకూడదు' అన్న గుర్తుతో రికార్డును అలాగే ఉంచి, సమాధానాల లెక్క నుంచి మాత్రం తప్పించాలి.

రెండో రకం ఒకసారి మాత్రమే కదిలేవి. ఇల్లు మారిన కుటుంబం తన రౌటర్‌ను వెంట తీసుకుపోతుంది, కార్యాలయం మరో భవనానికి మారుతుంది. ఇక్కడ పరిశీలనలు రెండు గుంపులుగా కనిపిస్తాయి, ఒక గుంపు తేదీలు ఎక్కడ ముగుస్తాయో రెండో గుంపు తేదీలు ఆ తర్వాత మొదలవుతాయి. ఈ రెంటినీ కలిపి సగటు తీస్తే వచ్చే చోటులో ఆ రౌటర్ ఏనాడూ లేదు. కాబట్టి లెక్కకు ముందు పరిశీలనలను గుంపులుగా విడదీసి, తేదీల వరుస చూసి, కొత్త గుంపుకు వేర్వేరు రోజులలో, వేర్వేరు పరికరాల నుంచి తగినన్ని పరిశీలనలు ఉంటే స్థానాన్ని అక్కడికి మార్చాలి. అవి సరిపడా వచ్చేవరకు ఆ రికార్డును పాత చోటుకూ కొత్త చోటుకూ చెందనిదిగా భావించి సమాధానాల నుంచి ఆపి ఉంచాలి. సమాధానం లేకపోవడం వల్ల పోయేది ఒక బిందువు. తప్పు సమాధానం వల్ల పోయేది మొత్తం వ్యవస్థ మీద నమ్మకం.

ప్రశ్న వచ్చిన సమయంలో కూడా ఒక తనిఖీ ఉండాలి. పరికరం నాలుగు చిరునామాలు పంపినప్పుడు మూడు ఒకే వీధిని చూపించి, నాలుగోది మరో నగరాన్ని చూపిస్తే, నాలుగోదాన్ని పక్కన పెట్టి సమాధానం ఇవ్వాలి. అంతటితో వదలకుండా, ఆ అసమ్మతిని ఆ రికార్డు ఖాతాలో రాసుకోవాలి. ఇటువంటి అసమ్మతులు వేర్వేరు పరికరాల నుంచి కొన్నిసార్లు వస్తే, ఎవరూ సర్వే చేయకుండానే కదిలిన రౌటర్ బయటపడినట్టే. రెండే చిరునామాలు వచ్చి అవి పరస్పరం విభేదిస్తే మాత్రం ఏది సరైనదో తేల్చే మార్గం లేదు. అప్పుడు సెల్ టవర్ సమాచారం ఉంటే దానితో సరిచూడాలి, లేకుంటే స్థానం తెలియదనే చెప్పాలి.

ఇక్కడే ఒక ముఖ్యమైన నిషేధం ఉంది. డేటాబేస్ సాయంతో లెక్కించిన స్థానాన్ని తిరిగి పరిశీలనగా అదే డేటాబేస్‌లో చేర్చకూడదు. నాలుగు చిరునామాలు విన్న పరికరానికి మూడింటి ఆధారంగా స్థానం ఇచ్చి, ఆ స్థానంతో నాలుగోదానికి కొత్త పరిశీలన రాసుకోవడం తెలివైన పనిలా అనిపిస్తుంది గానీ, మొదటి మూడింటిలో ఉన్న తప్పు నాలుగోదానికి పాకుతుంది. రేపు నాలుగోది మొదటి మూడింటికి సాక్ష్యం చెబుతుంది. కొన్నాళ్లకు ఆ తప్పు ఎంతో ఆధారం ఉన్నదానిలా కనిపిస్తుంది. ప్రతి పరిశీలనలోనూ ఆ స్థానం జీపీఎస్ నుంచి వచ్చిందా, చేతితో కొలిచిందా, వైఫై నుంచి లెక్కించిందా అన్నది తప్పనిసరిగా రాయించడం, మూడో రకాన్ని ప్రవేశ ద్వారం దగ్గరే నిరాకరించడం అందుకే. ఫోన్ల నుంచి సేకరించేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఫోన్ ఇచ్చే స్థానం జీపీఎస్‌దా, మరో సంస్థ వైఫై డేటాబేస్‌దా అన్నది అడిగితే తప్ప తెలియదు.

రికార్డుల వయసు

ప్రతి రికార్డుకూ చివరిసారి నిర్ధారణ అయిన తేదీ ఉండాలి. ఆ తేదీ దూరమైనకొద్దీ తేడా వ్యాసార్థాన్ని పెంచుకుంటూ పోవాలి, కొంత కాలం దాటాక సమాధానాల నుంచి తప్పించాలి, ఇంకొంత కాలానికి తొలగించాలి. ఆ గడువు అన్నిచోట్లా ఒకటే ఉండనవసరం లేదు. విద్యార్థులు, అద్దెదారులు ఎక్కువగా ఉండే ప్రాంతాలలో రౌటర్లు త్వరత్వరగా మారతాయి, గిడ్డంగులలో ఏళ్లపాటు అలాగే ఉంటాయి. మీ సొంత డేటాలో ఏడాది కిందటి రికార్డులలో ఎన్ని ఈ ఏడాది అదే చోట వినిపించాయో ప్రాంతాల వారీగా లెక్కించి, దాని నుంచి గడువును నిర్ణయించుకోవాలి. సెల్ టవర్ కదలదు గానీ, నిర్వాహకులు నెట్‌వర్క్‌ను పునర్వ్యవస్థీకరించినప్పుడు గుర్తింపు సంఖ్యలు వేరే టవర్లకు మారవచ్చు, కాబట్టి వాటికీ గడువు అవసరమే.

వినిపించకపోవడం కూడా సాక్ష్యమే, కానీ బలహీనమైన సాక్ష్యం. తక్కువ శక్తి పరికరాలు విన్నవన్నీ పంపవు. తక్కువ విద్యుత్తుతో చాలా దూరం చిన్న సందేశాలు పంపే లోరావాన్ రేడియో పద్ధతిలో అత్యంత నెమ్మది వేగం దగ్గర ఒక సందేశంలో యూరప్ 868 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 51 బైట్లు, అమెరికా 915 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 11 బైట్లు మాత్రమే పడతాయి. ఒక చిరునామాకు 6 బైట్లు, దాని సిగ్నల్ బలానికి ఒక బైట్ చొప్పున లెక్కేస్తే మొదటిదానిలో ఏడు, రెండోదానిలో ఒక్కటే పడుతుంది. అందువల్ల జాబితాలో లేనంత మాత్రాన ఆ రౌటర్ అక్కడ లేదని అనకూడదు. పూర్తి స్కాన్ పంపగల సర్వే పరికరం, ఆ రౌటర్ అన్నిటికంటే గట్టిగా వినిపించవలసిన చోట నిలబడి, పొరుగు రౌటర్లన్నింటినీ విని దీన్ని మాత్రమే వినకపోతే, అలాంటివి పలుమార్లు జరిగితే, అప్పుడు నమ్మవచ్చు.

సందేశంలో చోటు ఇంత తక్కువ ఉన్నప్పుడు ఏ చిరునామాలను పంపాలన్న నిర్ణయం కూడా కచ్చితత్వంలో భాగమే. ఒకే యాక్సెస్ పాయింట్ చివరి అంకె మాత్రమే తేడాగా మూడు నాలుగు చిరునామాలు ప్రసారం చేస్తుంటుంది; బలం ప్రకారం మొదటి నాలుగింటిని పంపే ఫర్మ్‌వేర్ (పరికరంలోని ప్రోగ్రాం) ఒకే పెట్టెను నాలుగుసార్లు పంపవచ్చు. చివరి అంకె తప్ప మిగతాదంతా ఒకేలా ఉన్నవాటిలో ఒక్కదాన్నే ఉంచి, పైన చెప్పిన అనుమానపు బిట్ ఉన్నవాటిని చివరికి నెట్టి, ఆ తర్వాతే ఎంచుకోవాలి.

సొంత గేట్‌వేలు, బీకన్లు

మనం బిగించినవే గనుక వీటి స్థానం తెలుసునన్న ధీమాలో తరచూ ఇవే తప్పుగా ఉంటాయి. లోరావాన్ గేట్‌వే (పరికరాల సందేశాలను అందుకుని సర్వర్‌కు చేరవేసేది) రికార్డులో గేట్‌వే పెట్టె ఉన్న చోటును గాక, యాంటెన్నా ఉన్న చోటును, దాని ఎత్తును రాయాలి; రెండింటి మధ్య పొడవైన కేబుల్ ఉండవచ్చు. సందేశం చేరిన సమయాల తేడాతో స్థానం లెక్కించే వ్యవస్థలలో ఇది నేరుగా ఫలితంలోకి వస్తుంది: రేడియో తరంగం ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు, ఒక మైక్రోసెకనులో 300 మీటర్లు ప్రయాణిస్తుంది, గేట్‌వే స్థానంలో 60 మీటర్ల తప్పు ఉంటే అది 200 నానోసెకన్ల గడియారపు తప్పుతో సమానం. గేట్‌వే ప్రోగ్రాంల కాన్ఫిగరేషన్ ఫైల్‌లో చేతితో రాసే స్థానం ఉంటుంది. ఒక గేట్‌వే ఫైల్‌ను మరొకదానికి నకలు చేసి, స్థానం మార్చడం మరచిపోవడం సర్వసాధారణం. ఒకే స్థానం చూపే రెండు గేట్‌వేలు ఉన్నాయేమోనని వారానికోసారి చూసే చిన్న ప్రోగ్రాం ఈ తప్పును వెంటనే పట్టిస్తుంది. గేట్‌వేలో జీపీఎస్ ఉంటే అది చెప్పే స్థానాన్ని కూడా రోజూ రికార్డుతో పోల్చాలి.

బీకన్ల విషయంలో తప్పు సాధారణంగా బ్యాటరీ మార్చే రోజున పుడుతుంది. వరుసగా పది బీకన్లను విప్పి, బల్ల మీద బ్యాటరీలు మార్చి, తిరిగి బిగించేటప్పుడు రెండు తారుమారైతే ఏ హెచ్చరికా రాదు, అన్నీ చక్కగా ప్రసారం చేస్తూనే ఉంటాయి. ఒక్కో బీకన్‌ను విప్పిన చోటే బ్యాటరీ మార్చాలన్నది నియమంగా పెట్టాలి, బిగించాక అక్కడే నిలబడి ఫోన్‌తో స్కాన్ చేసి అన్నిటికంటే గట్టిగా వినిపించేది అదేనని నిర్ధారించాలి, ఆ స్కాన్‌ను రికార్డుకు జతచేయాలి. అంతస్తును ఎత్తు సంఖ్యగా గాక అంతస్తు పేరుగా, భవనం పేరుతో సహా రాయాలి.

కచ్చితత్వాన్ని కొలవడం

స్థానంతో పాటు ఇచ్చే తేడా వ్యాసార్థానికి అర్థం ఏమిటో ముందుగా ఒక నిర్ణయానికి రావాలి. ఆండ్రాయిడ్ ఇచ్చే కచ్చితత్వ సంఖ్యకు, అసలు స్థానం ఆ వృత్తంలో ఉండే అవకాశం నూటికి 68 అని అర్థం. వెబ్ బ్రౌజర్ల జియోలొకేషన్ ప్రమాణంలో అదే సంఖ్యకు నూటికి 95 అని అర్థం. తప్పులు అన్ని దిశల్లోనూ సమానంగా, సహజ పంపిణీలో ఉన్నాయనుకుంటే రెండో వ్యాసార్థం మొదటిదానికి సుమారు 1.6 రెట్లు ఉంటుంది. రెండు వనరుల నుంచి వచ్చిన పరిశీలనలను ఈ తేడా గమనించకుండా కలిపితే ఒకదానికి అర్హతకు మించిన బరువు పడుతుంది.

ఆ తర్వాత నిజంగా కొలవాలి. స్థానం చేతితో కొలిచి తెలుసుకున్న చోట్ల కొన్ని పరికరాలను శాశ్వతంగా ఉంచి, వాటికి డేటాబేస్ ఏం చెబుతోందో రోజూ రాసుకోవాలి. ఈ పరికరాల చుట్టుపక్కల సేకరించిన పరిశీలనలు డేటాబేస్‌లోకి పోకుండా చూడాలి, లేకపోతే మన సమాధాన పత్రాన్ని మనమే దిద్దుకున్నట్టవుతుంది. సగటు తప్పు అనే ఒక్క సంఖ్య చాలదు. నగరం మారిపోయిన ఒకే ఒక్క సమాధానం సగటును చెడగొడుతుంది. మధ్యగత తప్పు ఎంత, నూటికి 95 సమాధానాలలో తప్పు ఎంత లోపు ఉంది, ఎన్ని ప్రశ్నలకు సమాధానమే లేదు అన్న మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి, ఎందుకంటే ఒకదాన్ని బాగుచేస్తే మరొకటి చెడటం మామూలే. అలాగే 95 శాతమని చెప్పిన వృత్తాలలో నిజంగా నూటికి 95 సార్లు పరికరం ఉందో లేదో చూడాలి. అరవై సార్లే ఉంటే వ్యాసార్థాలు ఆశావాదంతో రాసినవన్నమాట. నా దృష్టిలో చిన్న తేడాను చూపించి తప్పే డేటాబేస్ కంటే, పెద్ద తేడాను చూపించి నిజం చెప్పేదే వాడదగినది.

బయటి వనరులు, గోప్యత

సొంతంగా అంతా సేకరించలేనివారు బయటి డేటాబేస్‌లను కలుపుకుంటారు. అటువంటప్పుడు లైసెన్సు షరతులను ముందే చదవాలి. ఉదాహరణకు సెల్ టవర్ల స్థానాలను అందించే ఓపెన్‌సెల్‌ఐడీ డేటాను పేరు చెప్పి, అదే షరతుతో పంచుకోవాలన్న క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఇస్తారు. ఏ వనరూ శాశ్వతం కాదు: ఎంతోమంది ఆధారపడిన మొజిల్లా లొకేషన్ సర్వీస్ 2024లో మూతపడింది. ప్రతి పరిశీలనకూ వనరు పేరు జతచేసి ఉంటే, ఒక వనరు ఆగిపోయినా, చెడిపోయినా, దాని నుంచి వచ్చినవాటిని మాత్రమే వేరుచేసి మళ్లీ లెక్కించుకోవచ్చు.

తమ రౌటర్‌ను ఇటువంటి డేటాబేస్‌లలో చేర్చవద్దనుకునేవారు నెట్‌వర్క్ పేరు చివర అండర్‌స్కోర్‌తో 'నోమ్యాప్' అని చేరుస్తారు. మైక్రోసాఫ్ట్ అదే విధంగా 'ఆప్టౌట్' అన్న మాటను గౌరవిస్తుంది. దీన్ని పాటించడంలో తక్కువ శక్తి పరికరాల వల్ల ఒక చిక్కు వస్తుంది. అవి చిరునామాలను మాత్రమే పంపుతాయి, పేర్లను పంపే చోటు వాటి సందేశంలో ఉండదు. అంటే వాటి స్కాన్‌లను బట్టి ఆ రౌటర్ యజమాని వద్దన్నాడో లేదో తెలియదు. కాబట్టి సెన్సర్ల స్కాన్‌లతో కొత్త రికార్డులను సృష్టించకూడదు, పేరు కూడా తెలిసిన సర్వే ద్వారా ఇప్పటికే చేరిన రికార్డుల మీద అసమ్మతులను రాసుకోవడానికి మాత్రమే వాడాలి. సర్వే సమయంలో పేరును చూసి, నిర్ణయం తీసుకుని, ఆ తర్వాత పేరును దాచకుండా వదిలేయడం ఉత్తమం.

ఒకే ఒక్క చిరునామాతో వచ్చిన ప్రశ్నకు సమాధానం ఇవ్వకూడదు. గూగుల్ సేవ కనీసం రెండు చిరునామాలు ఉండాలని అడగడం వెనుక కచ్చితత్వంతో పాటు ఈ కారణమూ ఉంది: ఒక చిరునామాకే సమాధానం దొరికితే, ఒకరి రౌటర్ ఏ ఊరికి మారిందో ఎవరైనా వెతికి తెలుసుకోవచ్చు. అడగని చిరునామాల స్థానాలను కూడా సమాధానంతో పాటు పంపే సేవ ఎంతటి సామూహిక నిఘాకు దారితీయగలదో 2024లో మేరీలాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆపిల్ వైఫై లొకేషన్ వ్యవస్థను పరిశీలించి చూపించారు. ఒక్కటే చిరునామా పడే చిన్న సందేశాలు పంపే పరికరాలకు ఈ నియమం ఇబ్బందిగా ఉంటుంది నిజమే. అటువంటివి రెండు మూడు సందేశాలలో ముక్కలుగా పంపాలి, లేదా అవి మీ ఖాతాలో నమోదైన పరికరాలేనని సర్వర్ నిర్ధారించుకుని, స్థూలమైన స్థానాన్ని మాత్రమే ఇవ్వాలి.

కొత్త సంచికను విడుదల చేయడం

స్థానాల పట్టికను మళ్లీ లెక్కించిన ప్రతిసారీ దానికి ఒక సంచిక సంఖ్య ఇవ్వాలి. పాత సంచిక, కొత్త సంచిక రెండింటికీ గత వారపు నిజమైన ప్రశ్నలను ఇచ్చి, సమాధానాలు ఎక్కడ 100 మీటర్లకు మించి మారాయో జాబితా తీయించాలి. ఆ జాబితాలో అన్నిటికంటే పెద్ద మార్పులను మనిషి కూర్చుని మ్యాపు మీద చూడాలి. దిగుమతిలో తిరగబడిన రేఖాంశాలు, తారుమారైన బీకన్లు, నకలు చేసిన గేట్‌వే ఫైళ్లు దాదాపు అన్నీ ఇక్కడే దొరుకుతాయి. పాత సంచికను వెంటనే చెరిపేయకుండా, తిరిగి దానికి మారడానికి వీలుగా ఉంచాలి. పరికరాలకు ఇచ్చిన ప్రతి సమాధానంతో పాటు ఏ సంచిక నుంచి ఇచ్చారో రాసి, పరికరం పంపిన అసలు స్కాన్‌ను కూడా ముందుగా ప్రకటించిన గడువు వరకు దాచి ఉంచితే, ఒక రికార్డు తప్పని తేలిన రోజున ఆ గడువులోపు ఇచ్చిన తప్పు సమాధానాలన్నింటినీ వెనక్కి వెళ్లి సరిదిద్దవచ్చు, ఆ మార్పును పరికరం యజమానికి తెలియజేయవచ్చు.